జైల్లో ఉన్న రచయితకు ఉత్తరాల్లో తోడు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా జైళ్లలో ఉన్నవాళ్ల కథలు, కవితలు చదివి పోస్టులో సలహాలు రాసే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఇక్కడి మన తెలుగు సాహిత్య సమావేశాల్లో ఈ సంగతి ఎత్తితే చాలు, కాఫీ టేబుల్ దగ్గర నలుగురు చుట్టూ మూగుతారు. సగం మంది అడిగేది "భయం వేయదా?" అని. మిగతా సగం "మేమూ చేయొచ్చా?" అంటారు. ప్రతిసారీ అవే జవాబులు చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

అసలు ఏం చేయాలి?

లోపలున్న మనిషి ఒక కథో వ్యాసమో పంపుతాడు. మీరు చదివి, ఏది నిలబడింది, ఏది జారిపోయింది, ఎక్కడ ఇంకాస్త కావాలి అన్నది ఉత్తరంగా రాస్తారు. ఆయన తిరగరాసి పంపుతాడు. మళ్లీ చదువుతారు. పని అంతే. మీరు వకీలు కారు, సంఘ సేవకులు కారు, ఆయన్ని ఉద్ధరించడానికి వచ్చినవాళ్లు అసలే కారు. ఒక పాఠకుడు. అయితే ఆయనకు ఆ ఏడాది దొరికిన ఏకైక పాఠకుడు మీరే అయి ఉండొచ్చు.

దీన్ని ఎవరు నడుపుతారు? కొత్తగా పుట్టిన ఆలోచనా?

కొత్తదేం కాదు. 1971 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆటికా జైల్లో ఖైదీలు తిరగబడ్డారు. నాలుగు రోజుల తర్వాత రాష్ట్ర పోలీసులు తుపాకులతో లోపలికి దూసుకెళ్లారు. మొత్తం మీద ఖైదీలు, జైలు సిబ్బంది కలిపి 43 మంది ప్రాణాలు పోయాయి. జైలు గోడల వెనక ఏం జరుగుతోందో బయటివాళ్లకు పట్టడం లేదన్న మాట దేశమంతా వినిపించింది అప్పుడే. ఆ వేడిలోనే రచయితల సంస్థ పెన్ అమెరికా జైలు రచనల కార్యక్రమం మొదలుపెట్టింది. ఏటా ఖైదీల కోసం కవిత్వం, కథ, వ్యాసం, నాటకం విభాగాల్లో పోటీ పెడుతుంది. ఆ దారిలో పరిచయమైన రచయితలను మెంటర్లతో, అంటే నాలా చదివి సలహా రాసేవాళ్లతో, కలుపుతుంది. రాయడం ఎలాగో చెప్పే చేతిపుస్తకాన్ని అడిగిన ఖైదీలకు ఉచితంగా పంపుతుంది.

పోస్టు మీద ఇంతగా ఆధారపడటానికి ఇంకో కారణమూ ఉంది. కాలేజీ చదువుకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్లను 1994 చట్టం ఖైదీలకు తీసేసింది. దాంతో చాలా జైళ్లలో కాలేజీ తరగతులు మూతపడ్డాయి. మళ్లీ అందరికీ తెరిచింది 2023 జులైలో. నడుమ ఉన్న ముప్పై ఏళ్లలో లోపల రాయడం నేర్చుకున్నవాళ్లలో చాలామందికి కవరే బడి.

బ్రిటన్‌లో ఈ సంప్రదాయం ఇంకా పాతది. స్పెయిన్ జైల్లో మరణశిక్ష ఎదురుచూస్తూ గడిపిన రచయిత ఆర్థర్ కోస్లర్ 1962లో ఖైదీల కళలకు బహుమతులు మొదలుపెట్టాడు. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

నేను పేరున్న రచయితను కాను. పైగా నా ఇంగ్లీషు తెలుగు మీడియం ఇంగ్లీషు. సరిపోతుందా?

అందరికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. సరిపోతుంది. నాదీ జిల్లా పరిషత్ హైస్కూలు ఇంగ్లీషే. కార్యక్రమాలు చూసేది మీరు శ్రద్ధగా చదవగలరా, ఇష్టంగా చదవగలరా, చెప్పిన గడువుకు జవాబు రాయగలరా అనే. కొన్నిచోట్ల మీ రచన ఒకటి, చిన్న పరిచయం అడుగుతారు.

నా అనుభవంలో రెండో భాషగా ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకు ఒక లాభం ఉంది. ఆ భాషలో అరిగిపోయిన మాట మన చెవికి త్వరగా తగులుతుంది, ఎందుకంటే మనం దాన్ని ఒకప్పుడు బట్టీ పట్టి నేర్చుకున్నాం. నష్టమూ ఉంది. ఖైదీ రాసే వీధి మాటను, నల్లజాతి వాళ్ల ఇంటి మాటను "తప్పు ఇంగ్లీషు" అనుకుని దిద్దబోతాం. మన రాయలసీమ కథనో కళింగాంధ్ర కథనో పట్టుకుని "గ్రాంథికంలో ఎందుకు రాయలేదు?" అని అడిగినట్టుంటుంది అది. ఆ పని చేయకండి.

వీసా మీద ఉన్నాను. ఇబ్బందా?

ఇది జీతం లేని స్వచ్ఛంద పని. అయినా మీ ఇమిగ్రేషన్ వకీలును ఒక మాట అడిగి మొదలుపెట్టండి. కాఫీ టేబుల్ దగ్గర నేను చెప్పిన దాన్ని నమ్మి కాదు.

నా ఇంటి అడ్రసు తెలిసిపోతుందా?

తెలియదు, తెలియనివ్వకూడదు. ఉత్తరాలు కార్యక్రమం అడ్రసు మీదుగానే నడుస్తాయి. ఇంటిపేరు కూడా ఇవ్వక్కర్లేదని చాలామంది నిర్వాహకులు చెబుతారు. పిల్లల బడి పేరు, ఊరు, ఫోటోలు ఏవీ వద్దు. అవతలి మనిషి చెడ్డవాడని కాదు. ఆ ఉత్తరాన్ని మెయిల్ రూంలో ఒకరు, సెల్‌లో మరొకరు చదువుతారన్న సంగతి గుర్తుండాలి.

ఏ నేరం చేశాడో తెలుసుకోవచ్చా?

చాలా రాష్ట్రాల్లో ఖైదీ పేరు కొడితే నేరం, శిక్ష, విడుదల తేదీ అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కనబడతాయి. కాబట్టి ప్రశ్న "తెలుసుకోవచ్చా" అని కాదు, "తెలుసుకోవాలా" అని.

ఒకసారి నేను చూశాను. అప్పటికి ఆయనా నేనూ ఒక కథ మీద అయిదారు ఉత్తరాలు నడిపాం. చేపల వేటకు వెళ్లిన అన్నదమ్ముల కథ. ఆ రాత్రి ఫోన్‌లో పేరు కొట్టాను. కొట్టకుండా ఉంటే బాగుండేదని వెంటనే తెలిసింది. తర్వాత నేను రాసిన ఉత్తరంలో ఒక్క ప్రశ్న లేదు, అన్నీ తీర్పులే. ఆయనకు నేను చూశానని తెలిసే అవకాశం లేదు. అయినా జవాబులో "ఈసారి మీరు నా కథ మీద కాదు, నా మీద రాసినట్టున్నారు" అన్నాడు. ఆ తర్వాత ఎవరిదీ చూడలేదు. వాళ్లంతట వాళ్లు చెబితే వింటాను, చెప్పకపోతే అడగను.

మీరు చూసి తీరాలనుకుంటే మొదటి ఉత్తరానికి ముందే చూడండి. చూశాక చేయలేననిపిస్తే నిర్వాహకులకు చెప్పి తప్పుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. సగంలో మాయమవడం మాత్రం చేయొద్దు.

ఉత్తరం ఎలా పంపాలి? నియమాలు చాలా ఉంటాయటగా?

రాష్ట్రానికో తీరు, ఒకే రాష్ట్రంలో జైలుకో తీరు. అన్నిచోట్లా పనికొచ్చేవి ఇవి: తెల్ల కాగితం, నలుపు లేదా నీలం సిరా, మామూలు కవరు. స్టేప్లర్ పిన్ను, జెమ్ క్లిప్పు, స్టిక్కరు, గ్రీటింగ్ కార్డు, సెంటు వాసన ఏవీ కూడదు. మాదకద్రవ్యాలు కాగితానికి పూసి పంపుతారన్న అనుమానంతో ఇవన్నీ. ఖైదీ నంబరు లేకపోతే కవరు లోపలికే వెళ్లదు.

ఇప్పుడు చాలాచోట్ల మీ కాగితమే ఆయన చేతికి చేరదు. పెన్సిల్వేనియా 2018 నుంచి ఉత్తరాలను ఫ్లోరిడాలోని ఒక ప్రైవేటు కంపెనీకి మళ్లించింది. అక్కడ స్కాన్ చేస్తారు, ఖైదీకి జిరాక్సు అందుతుంది. మరికొన్ని రాష్ట్రాల్లో టాబ్లెట్ తెర మీద చూసుకోవాలి. అందుకని మార్జిన్‌లో సన్నటి అక్షరాలు, బాణం గుర్తులు పనికిరావు, స్కాన్‌లో అలికినట్టవుతాయి. పేజీకి, పేరాకి నంబర్లు వేసి "మూడో పేజీ, రెండో పేరా" అని విడిగా రాయండి.

ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. మొదటి ఏడాది ఒకాయన పసుపు లీగల్ ప్యాడ్ కాగితాల మీద పెన్సిల్‌తో, రెండు వైపులా, అంచు వదలకుండా కథ రాసి పంపాడు. బడి పంతులు అలవాటు, నేను ఎర్ర పెన్ను తీసి దాని మీదే దిద్ది పంపేశాను. అయిదు వారాలకు కవరు తిరిగొచ్చింది, రంగు సిరా కుదరదని ముద్ర వేసి. ఈలోగా ఆయన దగ్గర నుంచి ఇంకో ఉత్తరం: "నా కథ అందిందా? నా దగ్గర ఇంకో ప్రతి లేదు." ఉన్న ఒక్క ప్రతినీ ఎర్రగా పాడుచేసి కూర్చున్నాను. టైపు చేసి శుభ్రమైన ప్రతి పంపాననుకోండి. అప్పటి నుంచి ఏ కాగితం వచ్చినా ముందు ఫోటో తీస్తాను, తర్వాతే చదువుతాను. అసలు ప్రతి మీద గీత కూడా గీయను.

లోపల జిరాక్సుకు డబ్బులవుతాయి. కాగితానికీ అవుతాయి. టెక్సస్, జార్జియా లాంటి చోట్ల జైల్లో చేసే చాలా పనులకు అసలు కూలీయే ఇవ్వరు. కొన్ని జైళ్లలో టైపు మిషన్ కొనుక్కోవచ్చు, లోపల ఏదీ దాచకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెతో చేసినవి అమ్ముతారు. అది ఉన్నవాడు లోపల శ్రీమంతుడి కింద లెక్క.

నెలకు ఎంత సమయం?

నాకు నాలుగైదు గంటలు పడుతుంది. ఎదురుచూడటం మాత్రం లెక్కలోకి రాదు. ఒక ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలా రెండు నెలలు మామూలే. జైల్లో లాక్‌డౌన్ పెట్టి ఖైదీలను సెల్ దాటనివ్వకపోతే, వేరే జైలుకు మారిస్తే ఇంకా ఎక్కువ. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడకపోతే కంగారుపడేవాళ్లకు మొదట్లో కష్టంగా ఉంటుంది.

రచన మీద ఏం చెప్పాలో తెలియడం లేదు. "చాలా బాగుంది" అంటే సరిపోదా?

సరిపోదు. జాలితో మెచ్చుకుంటే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అలాగని మొదటి ఉత్తరంలోనే పది తప్పులు చూపినా కలం పక్కన పడుతుంది.

నా పద్ధతి చెబుతాను. ముందు, చదివాక నాకు గుర్తుండిపోయిన ఒక్క వాక్యాన్ని ఆయన మాటల్లోనే తిరిగి రాస్తాను. తర్వాత రెండే ప్రశ్నలు అడుగుతాను. ప్రశ్న ఎప్పుడూ వస్తువు గురించి ఉండాలి, భావం గురించి కాదు.

ఉదాహరణకు ఒకాయన మొదట పంపిన కవితల్లో చీకటి, న్యాయం, స్వేచ్ఛ, ఆత్మ అన్న మాటలు వరస కట్టి ఉండేవి. సంకెళ్లు తెగాలి, సూర్యుడు రావాలి. మన దగ్గర సావనీర్లకు వచ్చే కవితల్లాగే. "బాగాలేదు" అని రాయలేదు. "పొద్దున టిఫిను ఎన్నింటికి ఇస్తారు? ట్రే వచ్చేటప్పుడు ఏం చప్పుడవుతుంది?" అని అడిగాను. రెండు నెలలకు పేజీన్నర వచ్చింది. నాలుగున్నరకు తలుపులోని ఇనప మూత తెరుచుకోవడం. ఆ వరసలో పదిహేను తలుపులుంటే, చప్పుడు దగ్గరవుతున్న తీరును బట్టి ఈ రోజు ఏ గార్డు డ్యూటీలో ఉన్నాడో పడుకునే చెప్పగలగడం. ఒకడు మూతను చేత్తో ఆపి దించుతాడు, ఒకడు వదిలేస్తాడు. చేత్తో ఆపేవాడు సెలవు పెట్టిన రోజున ఆ వరసంతా ముందే మేలుకుని ఉంటుంది. న్యాయం అన్న మాట ఆ పేజీన్నరలో ఎక్కడా లేదు. నేను దిద్దింది ఒక్క కామా.

ఇంకో సంగతి. జైలు గురించే రాయమని బలవంతపెట్టకండి. పదేళ్లుగా లోపలున్న మనిషికి అంగారక గ్రహం మీద కథ రాయాలనిపించొచ్చు, అమ్మమ్మ తోట గురించి రాయాలనిపించొచ్చు. బయటి పత్రికలకు జైలు సరుకే కావాలి, నిజమే. కానీ మీరు పత్రిక కారు.

బాధితుల సంగతేమిటి? వాళ్లకు అన్యాయం చేస్తున్నట్టు కాదా?

ఇది అడిగినవాళ్ల మీద నాకు గౌరవం. సులువైన జవాబు లేదు. నేను పెట్టుకున్న హద్దు చెబుతాను: తన నేరం గురించి రాస్తే, చనిపోయిన మనిషి పేరు, ఇల్లు, పిల్లల వివరాలు అచ్చులోకి రానివ్వను. "ఇది ఆ అమ్మాయి తల్లి చదివితే?" అని మార్జిన్‌లో కాదు, ఉత్తరంలో అడుగుతాను. ఆ ప్రశ్నకు ఒకరు ఎనిమిది పేజీల వ్యాసాన్ని మూడు పేజీలు చేశారు. ఒకరు నాకు రాయడం మానేశారు.

రాసినవి ఎక్కడ అచ్చవుతాయి?

ఖైదీల కోసమే ఉన్న చోట్లు కొన్ని. 2020లో మొదలైన ప్రిజన్ జర్నలిజం ప్రాజెక్ట్ లోపలివాళ్లకు పోస్టు ద్వారా విలేకరి పని నేర్పి, వాళ్ల కథనాలు వేస్తుంది. మార్షల్ ప్రాజెక్ట్ అనే వార్తాసంస్థకు 'లైఫ్ ఇన్‌సైడ్' అని స్వానుభవ వ్యాసాల శీర్షిక ఉంది. అమెరికన్ ప్రిజన్ రైటింగ్ ఆర్కైవ్ వ్యాసాలను భద్రపరిచి ఎవరైనా చదువుకునేలా ఉంచుతుంది. జైలు లోపలి నుంచే నడిచే పత్రికలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1940లో పుట్టి, ఆగిపోయి, 2008లో మళ్లీ లేచిన శాన్ క్వెంటిన్ న్యూస్, లూసియానాలో ఆంగొలైట్. పెన్ అమెరికా పోటీ సంగతి పైన చెప్పాను.

కానీ నా సలహా, మామూలు సాహిత్య పత్రికలకూ పంపండి. అక్కడ అడ్డం పడేది ప్రతిభ కాదు, ఆన్‌లైన్ ఫారం. ఇంటర్నెట్ లేని మనిషి దాన్ని ఎలా నింపుతాడు? మీరు టైపు చేసి, ఆయన సంతకంతో అనుమతి ఉత్తరం దగ్గర పెట్టుకుని, ఆయన తరఫున పంపొచ్చు. టైపు చేసేటప్పుడు మీ చేయి దురద పెడుతుంది, ఒక వాక్యం సర్దుదామని. వద్దు. సర్దితే ముందు ఆయనకు చూపించి, సరేనన్నాకే.

అంగీకారం వచ్చాక ఇంకో చిక్కు: పత్రిక పంపిన ప్రతి మెయిల్ రూం దాటకపోవచ్చు. తన కథ అచ్చయిన పేజీని చూడని రచయితలున్నారు. ఆ పేజీ జిరాక్సు తీసి మామూలు ఉత్తరంలో పెట్టండి.

డబ్బులొస్తే? నేరం మీద సంపాదించకూడదని చట్టం ఉందటగా?

ఉంది, ఉండింది, మళ్లీ ఉంది. న్యూయార్క్ 1977లో "సన్ ఆఫ్ శామ్" చట్టం తెచ్చింది, నేరస్తుడు తన కథ అమ్ముకుని లాభపడకూడదని. 1991లో సుప్రీంకోర్టు అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టేసింది. తర్వాత న్యూయార్క్ మాటలు మార్చి మళ్లీ చట్టం చేసుకుంది, వేరే రాష్ట్రాలకూ వాటి చట్టాలు ఉన్నాయి. తన నేరంతో సంబంధంలేని కవితకు వచ్చిన యాభై డాలర్ల సంగతి వేరే. అయినా చెక్కు ఎవరి పేరు మీద, ఖైదీ ఖాతాలోకి వెళితే జరిమానాల కింద ఎంత కోస్తారు అన్నవి నిర్వాహకులను అడిగాకే తేల్చండి. మీ ఖాతాలోకి మాత్రం ఒక్క డాలరూ రానివ్వకండి.

జైలు అధికారులు రాయనివ్వకపోతే?

ఉత్తరాలను ఇష్టానుసారం ఆపకూడదని 1974లో ప్రొక్యూనియర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1989 నాటికి, లోపలికి వచ్చే పుస్తకాలు, పత్రికల విషయంలో జైలుకు ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది. ఫెడరల్ జైళ్లలో ఖైదీ తన పేరుతో పత్రికలో అచ్చు వేయించుకోకూడదన్న నియమాన్ని 2007లో కొలరాడోలోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కాగితం మీద హక్కు ఉంది. సెల్ తనిఖీలో ఆ కాగితమే పోతే ఏం చేస్తాం అన్నది వేరే సంగతి. అందుకే జైలు సిబ్బంది మీద రాసినదాన్ని అచ్చుకు పంపే ముందు "దీనివల్ల మీకేం జరగొచ్చో ఆలోచించారా?" అని అడుగుతాను. నిర్ణయం ఆయనదే. మారుపేరు పెట్టాలా అన్నదీ ఆయన ఇష్టమే. నెట్‌లో పడింది పెరోల్ బోర్డు కూడా చదువుతుందని మాత్రం గుర్తుచేస్తాను.

డబ్బు, పుస్తకాలు పంపమంటే?

డబ్బు వద్దు. పుస్తకాలు కార్యక్రమం ఒప్పుకుంటేనే, అదీ చాలా జైళ్లు దుకాణం నుంచి నేరుగా వచ్చిన కొత్త పేపర్‌బ్యాకులనే తీసుకుంటాయి. మీ అటక మీద ఉన్న పాత పుస్తకాలు వెళ్లవు.

మన దేశంలో ఇలాంటిది చేయొచ్చా?

చట్టం వైపు నుంచి మనకు గట్టి పునాది ఉంది, చాలామందికి తెలియదు. భారత రక్షణ నియమాల కింద బొంబాయి జైల్లో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సంజగిరి మరాఠీలో అణువు గురించి సైన్సు పుస్తకం రాశాడు. అచ్చు కోసం రాతప్రతిని భార్యకు పంపిస్తానంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1965లో సుప్రీంకోర్టు పంపించాల్సిందేనంది. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసు. జైల్లో మరణశిక్ష పడిన ఖైదీ రాసిన దాన్ని తమిళ పత్రిక నక్కీరన్ వేయబోతే అధికారులు అడ్డం పడ్డారు. ముందుగా ఆపే అధికారం ప్రభుత్వానికీ అధికారులకూ లేదని తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి.

ఆచరణకు వస్తే, జైళ్లు రాష్ట్రాల పరిధి. చంచల్‌గూడకైనా రాజమండ్రికైనా బయటివాళ్లు వెళ్లి తరగతి పెట్టాలంటే జైళ్ల శాఖ అనుమతి తీసుకోవాలి. ఉత్తరాల కంటే వారానికో పూట లైబ్రరీలో కూర్చోవడమే మన దగ్గర నడిచే పద్ధతి. ఢిల్లీ తీహార్‌లో మహిళా ఖైదీల కవితలు 2013లో పుస్తకంగా వచ్చాయి. దాని వెనక ఉన్న వర్తికా నందా తర్వాత ఆగ్రా, హర్యానా జైళ్లలో రేడియో పెట్టించారు. రాయలేనివాళ్లు అక్కడ మాట్లాడతారు.

ఒక తేడా మరిచిపోకూడదు. 2022 చివరికి మన జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు. కేసు తేలలేదు. అలాంటి మనిషి చేత "ఆ రోజు ఏం జరిగిందో రాయి" అని రాయిస్తే, ఆ కాగితం రేపు కోర్టులో ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం. విచారణ ఖైదీ దగ్గర కేసు గురించి రాయించొద్దు. చిన్నప్పటి ఊరు, తిండి, పాట, ఏవైనా రాయనివ్వండి.

తెలుగులో జైలు సాహిత్యం చాలానే ఉంది కదా?

ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ వేలూరు జైల్లో 'మాలపల్లి' రాశాడు. దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. కానీ గమనించండి, వీళ్లంతా లోపలికి వెళ్లకముందే రాయగలిగినవాళ్లు, ఉద్యమాల్లోంచి వెళ్లినవాళ్లు. దొంగతనం కేసులో, కొట్లాట కేసులో వెళ్లిన మనిషి గురించి కథలు రాసింది వట్టికోట ఆళ్వారుస్వామి. ఆ మనిషే తన గురించి రాసుకున్నది వెతికితే నాకు దొరికింది చాలా తక్కువ. తెలుగులో ఖాళీగా ఉన్న కుర్చీ అదే.

ఉత్తరాలు ఆగిపోతే?

ఆగుతాయి. విడుదలవుతారు, జైలు మారతారు, జబ్బు పడతారు, విసిగిపోతారు. కొందరు బయటికొచ్చాక రాయరు, వాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడం ముందు. నేను ఒక ఉత్తరం అదనంగా రాస్తాను, జవాబు అక్కర్లేదని చెబుతూ. తర్వాత నిర్వాహకులకు కబురు పెడతాను.

ఫైలు మాత్రం పారేయను. చేపల వేట కథ రాసినాయన నుంచి ఏడాదిన్నర ఏమీ రాలేదు. పోయిన చలికాలంలో వేరే జైలు ముద్రతో కవరు వచ్చింది. మార్పిడిలో తన సామానంతా పోయిందట. నాలుగో చిత్తుప్రతి మీ దగ్గరేమైనా ఉందా అని అడిగాడు. ఉంది, నలుపు సిరాతో ప్రింట్ తీసి, పిన్ను కొట్టకుండా పంపాను.